విషం తగిలితే పగిలే జాడీ

నేను ఒక జాడీని. ఊరగాయ జాడీని మాత్రం కాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నా పొట్ట చూసిన ప్రతివాడూ "ఇందులో పాతిక కాయల ఆవకాయ పడుతుంది కదూ" అనేవాడే. పడితే పడుతుంది, అయితే ఏమిటట? మిమ్మల్ని చూసి ఎన్ని ముద్దలు పడతాయో అని నేనెప్పుడైనా అన్నానా? నానబెట్టిన పెసల రంగు నాది. పొట్టి మెడ, గుండ్రటి భుజాలు, భుజాల మీద తాడు దూర్చుకోవడానికి నాలుగు చెవులు. చెవులు నాలుగున్నాయి కాబట్టి మీకంటే ఎక్కువే విన్నాను. నోరు ఉంది కానీ మాట్లాడడానికి పనికిరాదు. నా బాధంతా అదే.

నన్ను చేసింది చీనా దేశంలో, సముద్రానికి దగ్గరున్న కొండల్లో ఒక ముసలి కుమ్మరి. మహా కోపిష్టి. కట్టెల బూడిద, మెత్తటి మట్టి నీళ్ళలో కలిపి నా ఒంటికి పలచగా పట్టించాడు. కొండవాలు పొడుగునా కట్టిన పెద్ద ఆవంలో పెట్టి, పగలూ రాత్రీ మంట వేశాడు. ఆ వేడికి బూడిద కరిగి, గాజై, నాకు చర్మంలా అంటుకుపోయింది. చుట్టూ ఉన్న జాడీలు ఢామ్మని పగులుతుంటే నేను మాత్రం పంతం పట్టి నిలబడ్డాను. బయటికి తీశాక ముసలాయన నన్ను వేలితో కొట్టి చూసి తల ఊపాడు. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ మురిపెం ఎన్నాళ్ళో ఉండలేదు లెండి. నన్ను చేసింది బతికున్నవాళ్ళ కోసం కాదట. ఎవరో పెద్దమనిషి పోతే, పైలోకంలో ఆయన తిండికని నా నిండా ధాన్యం పోసి, ఆయన పక్కనే పెట్టి, పైన రాతిపలక మూసేశారు. పలక మూసుకున్నప్పుడు వచ్చిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆ పెద్దమనిషి ఒక్క గింజ ముట్టుకోలేదు. ధాన్యం పురుగుపట్టి మన్నయింది. ఎన్ని వందల ఏళ్ళు గడిచాయో నాకు తెలియదు. ఒకనాడు ఎవడో దొంగ పలక లేవదీశాడు. దొంగ ముఖం చూసి అంత సంతోషించినవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

తర్వాత పడవలు, ఓడలు, గడ్డి చుట్టలు. ఆఖరికి మచిలీపట్నం బందరులో ఒక వర్తకుడి దుకాణంలో తేలాను. చింతలకోన కోట నుంచి వచ్చిన మనుషులతో ఆ వర్తకుడు గొంతు తగ్గించి, "ఇది మామూలు జాడీ అనుకునేరు. ఇందులో విషం పడిందంటే ఆ క్షణానే పగిలిపోతుంది" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. నాలో అంత మహిమ ఉందని నాకే అప్పటిదాకా తెలియదు మరి.

చింతలకోన కోటకి అలాంటి మహిమ అవసరం పడింది. అంతకు ఏడాది ముందు పెద్ద దొర భోజనం చేస్తూ చేస్తూ, చెయ్యి విస్తరిలో ఉండగానే ఒరిగిపోయాడట. విషమో, గుండె ఆగిందో ఎవరూ తేల్చలేదు. తర్వాత దొర అయిన తమ్ముడు మల్లప నాయనివారికి ముద్ద గొంతు దిగేది కాదు. ఆయన తల్లి పెద్ద దొరసాని అయితే, ఒక కొడుకుని పోగొట్టుకున్న మనిషి కదా, రెండోవాడు తింటున్నంతసేపూ గుమ్మంలో నిలబడి వాడి గొంతే చూసేది. వాళ్ళ కోసం ప్రతి వంటకం ముందుగా తిని చూడడానికి చెంచన్న అనే మనిషిని పెట్టారు. అతను తినాలి, ఒక గడియ బతికి ఉండాలి, అప్పుడు దొర తినాలి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోజుకు మూడు పూటలా విందు భోజనం. చెంచన్న ఆ ఏడాదిలో చిక్కి సగమయ్యాడు.

నేను వచ్చాక అతని బతుకు మారింది. తినే పని పోయి, నన్ను చూసుకునే పని వచ్చింది. ప్రతి పూటా చారో, పాలో, పాయసమో నాలో పోసి అందరికీ చూపించడం, నేను పగల్లేదు కాబట్టి దొరకి వడ్డించడం. చెంచన్న నన్ను కన్నకూతురిలా చూసుకున్నాడు. మెత్తని గుడ్డతో తుడిచేవాడు. "అమ్మా పచ్చతల్లీ" అనేవాడు. ఇంకొకటి కూడా చేసేవాడు, అది మా ఇద్దరికే తెలుసు. వచ్చిన కొత్తలో ఒక చలిపొద్దున మరిగే చారు పోస్తే నాకు ఒళ్ళు చుర్రుమని లోపల టిక్కుమంది. అదృష్టం బాగుండి ఎవరూ వినలేదు. అతని గుండె మాత్రం గుభేలుమంది. అప్పటి నుంచి వేడిది పోసే ముందు ఎవరూ చూడకుండా గోరువెచ్చని నీళ్ళతో నన్ను కడిగి, ఒంటికి వేడి అలవాటు చేసేవాడు. అలా పన్నెండేళ్ళు గడిచాయి. విషం తగిలిందో లేదో నాకెప్పుడూ తెలియలేదు. చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ తప్ప నాకు ఇంకేమీ తెలియవు, ఒట్టు.

ఇక ఆ పుష్యమాసం పొద్దు సంగతి చెబుతాను.

మంచు కురుస్తోంది. నేను వసారాలో పీట మీద రాయిలా చల్లబడి ఉన్నాను. చెంచన్న ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖమంతా నవ్వు. తెల్లవారుతూనే అతని కూతురికి కాన్పయింది, ఆడపిల్ల. వచ్చీరాగానే నా చెవి పట్టుకుని, "మనవరాలే పచ్చతల్లీ, ముక్కు అచ్చం నాదే" అన్నాడు. ఆ సంబరంలో వెచ్చని నీళ్ళ సంగతి మరిచాడు. ఓరి నాయనా, కడగరా, ముందు కడగరా అని నేను ఎంత అనుకుంటే ఏం లాభం?

దొరకి దగ్గు. శొంఠి వేసి కాచిన పాలు వంటాయన పేరిభొట్లు పొగలు కక్కుతుండగా తెచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ కోట వంటశాలలో ఉన్న బ్రాహ్మడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఎవరినో కసురుకుంటూ ఉండేవాడు. పెద్ద దొర ఒరిగిపోయిన రోజున వండింది కూడా ఆయనే. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఎవరూ మరిచిపోలేదు. మడి గనక ఆయన నన్ను ముట్టుకోడు. గిన్నె ఎత్తి పట్టి, పైనుంచి పాలు పోశాడు.

టింగుమంది.

వసారా అంతా వినిపించింది. నా మెడ దగ్గర మొదలై పొట్ట దాకా వెంట్రుకంత గీత పడింది. దొర లేచి నిలబడ్డాడు. గుమ్మంలోంచి పెద్ద దొరసాని కేక వేసింది. అది మనిషి గొంతులా లేదు. "వీడే! నా పెద్దవాణ్ణి తిన్నదీ వీడే!"

దివాను సింగరాజుగారు వచ్చి నా గీత మీద గోరు పెట్టి చూశాడు. తర్వాత పేరిభొట్లు వైపు తిరిగి, చాలా మర్యాదగా, "భొట్లుగారూ, మీ తప్పేమీ లేదంటారు కదా. అయితే ఈ పాలు మీరే తాగేయండి" అన్నాడు.

"నేను తాగను" అన్నాడు పేరిభొట్లు.

"ఏం?"

"అది మట్టిది. ఊరందరి చేతులూ పడినది. కంచైతే చింతపండేసి తోముకుంటాం, మట్టికి శుద్ధి ఎక్కడిది? దాంట్లో పోసింది నేను నోట పెట్టను. పొయ్యి మీద గిన్నెలో ఇంకా పాలున్నాయి, అవి తెండి, గటగటా తాగుతాను."

"పొయ్యి మీదవి తాగుతారు లెండి, వాటిలో ఏమీ కలపలేదు గనక" అన్నాడు దివాను.

మూర్ఖుడు! ఒక్క గుక్క తాగితే బతికిపోయేవాడు. కానీ నాకు చెప్పండి, ముప్పయ్యేళ్ళుగా ఒకే కట్టుబాటు మీద బతికిన మనిషి, చావు ఎదురుగా వచ్చి కూచుంటే దాన్ని వదిలేస్తాడా? ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఆయన పెదవులు బిగించాడు. అది చూసి అందరూ ఖాయం చేసుకున్నారు.

బ్రాహ్మణ్ణి ఉరి తీస్తే బ్రహ్మహత్య చుట్టుకుంటుంది. దానికీ దివాను ఒక ఉపాయం చెప్పాడు. పెరట్లో పాత ధాన్యపు పాతర ఒకటి ఖాళీగా ఉంది, రెండు నిలువుల లోతు. అందులోకి దించి పైన పలక మూసేస్తే సరి. "మనం చంపడం లేదు దొరా, మూత వేస్తున్నాం అంతే" అన్నాడు. పాపం అంటకుండా పని ఎలా జరుపుకోవాలో మీ మనుషుల దగ్గరే నేర్చుకోవాలి.

పలక అన్న మాట వినగానే నా లోపల ఆ పాత చప్పుడు మోగింది. నేను జాడీని, ఊపిరి తీసేదాన్ని కాను, నాకే ఆ చీకటి భరించరానిదైంది. ఊపిరి ఉన్నవాడికి ఎలా ఉంటుంది? చెంచన్న వైపు చూశాను. అతను నన్ను ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. అతనికి అంతా తెలుసు. నోరు విప్పితే చాలు. విప్పితే మాత్రం ఈ జాడీ ఉత్త జాడీ అని ఒప్పుకోవాలి, పన్నెండేళ్ళ నుంచి దొరని మోసం చేశానని ఒప్పుకోవాలి. మళ్ళీ ఆ విస్తరి ముందు కూచోవాలి, అదీ ఇవాళే, మనవరాలు పుట్టిన రోజునే. పిరికివాడా, చెప్పరా అని నేను తిట్టాను. పాపం, తిడుతూనే జాలిపడ్డాను.

పేరిభొట్లు చేతులు కట్టారు. పెరట్లో నలుగురు మనుషులు పలకని గడ్డపారతో లేపుతుంటే ఆ గరగర వసారాలోకి వినిపించింది. అప్పుడు చెంచన్న నన్ను రెండు చేతులా ఎత్తి, ఆ పాలు ఒక్క చుక్క మిగలకుండా తాగేశాడు.

"ఇప్పుడు చూడండి" అన్నాడు, మూతి తుడుచుకోకుండానే. "నేను పోతే అయ్యవారిని మూసేయండి."

అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెని నీళ్ళతొట్టిలో వదిలారు. అది నిండి మునిగితే ఒక గడియ. ఎవరూ కదల్లేదు. చెంచన్న గోడకి చేరగిలబడి కూచున్నాడు. ఒకసారి పొట్ట తడుముకున్నాడు, అందరూ ముందుకు వంగారు. ఏమీ కాలేదు. నుదుట చెమట పట్టింది, అంత చలిలో. భయమో, ఇంకోటో! గిన్నె బుడుంగున మునిగింది. రెండోసారి వదిలారు. అదీ మునిగింది. చెంచన్న లేచి నిలబడి, "నాకేం కాలేదు దొరా. అయ్యవారి కట్లు విప్పించండి" అన్నాడు.

అమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను.

"నీకేమీ కాదురా" అన్నాడు సింగరాజు నెమ్మదిగా. "ఎందుకవుతుంది? విషమంతా జాడీ పీల్చేసుకుంది. అందుకే కదా పగిలింది! ఎంత మహిమ, చూశారా అమ్మగారూ?"

పెద్ద దొరసాని నాకు దణ్ణం పెట్టింది. నాకు! ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ప్రాణం పెట్టి తాగిన సాక్ష్యాన్ని కూడా నా గొప్ప కింద రాసేసుకున్నారు. అంత కంపరం నాకు ఆ గోరీలో కూడా పుట్టలేదు. దొర చెయ్యి ఊపాడు. మనుషులు పేరిభొట్లుని లేవదీశారు.

చెంచన్న దొర కాళ్ళ మీద పడ్డాడు. ఇక అంతా కక్కేశాడు. వెచ్చని నీళ్ళు, మొదటి రోజు టిక్కుమన్న చప్పుడు, పన్నెండేళ్ళ గుట్టు, పొద్దున మనవరాలు, మరుపు. "ఇది ఉత్త జాడీ దొరా. చల్లగా ఉన్నదాంట్లో వేడిది పోస్తే పగుల్తుంది. తప్పు నాది, అయ్యవారిది కాదు."

"వీణ్ణి కాపాడడానికి అబద్ధమాడుతున్నాడు" అన్నాడు దివాను.

"అయితే ఒక్కటి చేయండి. అమ్మగారు తన చేత్తో నీళ్ళు తోడి, తన చేత్తో కాచి, తన చేత్తో ఇందులో పొయ్యాలి. ఇంకెవరూ ముట్టుకోవద్దు. పగలకపోతే నన్ను కూడా ఆ పాతరలోకే దించేయండి."

దొర తల్లి వైపు చూశాడు. ఆమె పమిట నడుముకి దోపి బావి దగ్గరికి నడిచింది. డెబ్భై ఏళ్ళ మనిషి. చేద ఎప్పుడు పట్టుకుందో ఏమో, తాడు చేతులు కోసుకుపోతున్నా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పెరట్లోనే మూడు రాళ్ళు పెట్టి మంట వేసింది. పొగకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, నీళ్ళు మసిలే దాకా అక్కడే కూచుంది. నన్ను బావి గట్టు మీద పెట్టారు. కాస్త అవతల పాతర నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున పేరిభొట్లు.

ఆమె మసిలే నీళ్ళు నాలో పోసింది.

ఏమీ కాలేదు.

ఆవిరి మాత్రం లేచింది. నా ఒంటి మీది గీత కూడా పెరగలేదు. పగలడం నా చేతిలో ఉంటే, ఆ క్షణంలో ముక్కలు ముక్కలు అయ్యేదాన్ని. నన్ను అంత గట్టిగా కాల్చిన ఆ ముసలి కుమ్మరిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఎన్ని వందల ఏళ్ళు పగలకూడదనే బతికాను! ఇప్పుడు పగలమంటే ఒళ్ళు మాట వినడం లేదు.

"చాలా?" అన్నాడు సింగరాజు. మనుషులు చెంచన్న చేతులు పట్టుకున్నారు.

"అమ్మగారూ!" అని చెంచన్న గొంతు చించుకున్నాడు. "పొద్దున అది మంచులో తడిసి ఉంది! ఇప్పుడు నా ఒంటి వేడి, పాల వేడి ఉన్నాయి దాంట్లో. చన్నీళ్ళు కుమ్మరించి మళ్ళీ పొయ్యండి. ఒక్కసారి తల్లీ, మీ బిడ్డ మీద ఒట్టేసి చెబుతున్నా!"

"ఇక చాలు, పదండి" అన్నాడు దివాను.

"ఆగండి" అంది ఆమె.

మళ్ళీ తోడింది. ఒకటి, రెండు, మూడు చేదలు. నా లోపలా బయటా కుమ్మరించింది. తడి ఒంటికి పుష్యమాసపు చలి సూదుల్లా గుచ్చుకుంది. గాలి కొట్టింది. నేను మంచుముద్ద అయ్యేదాకా ఆమె అలాగే చూస్తూ నిలబడింది. గిన్నెలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. కొంగుతో పట్టుకుని తెచ్చింది. గిన్నె తొణికితే రెండు చుక్కలు ఆమె పాదం మీదే పడ్డాయి. పోసింది.

నేను ఢామ్మన్నాను. మెడ నుంచి అడుగు దాకా రెండుగా విచ్చుకున్నాను. నొప్పి తెలియలేదు, నిజం. ఇంత గొప్పగా నేను ఎప్పుడూ మోగలేదు. నీళ్ళు గట్టు మీద పరుచుకుని పొగలు కక్కాయి.

ఆమె ఆ నీళ్ళలో చెయ్యి పెట్టింది. "ఇవి నా నీళ్ళే" అంది. ఎవరితో అందో తెలియదు. అక్కడే తడిలో కూలబడిపోయింది. "పన్నెండేళ్ళుగా ఇది ఉంది కదా అని కళ్ళు మూసుకుని నిద్రపోయాను. ఇది ఏమీ కాదట. మరి ఇన్నేళ్ళూ నా బిడ్డని కాచిందెవరు?"

పేరిభొట్లు కట్లు విప్పుతున్నారు. ఆయన మణికట్లు రుద్దుకుంటూ పాతర అంచు నుంచి ఇవతలికి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. గొంతు సవరించుకుని, "మధ్యాహ్నానికి ఏం వండమంటారు?" అని అడిగాడు.

దొర ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. ఆ సిగ్గంతా చెంచన్న మీద చూపించాడు. "ఒక మట్టి పాత్రతో నన్ను ఇన్నేళ్ళు ఆడించావు. ఇవాళ్టి నుంచి మళ్ళీ నువ్వే తిని చూడు" అన్నాడు. దివాను ఆ సాయంత్రమే మచిలీపట్నానికి మనిషిని పంపాడు, ఇంకో జాడీ కోసం. ఈసారి కల్తీ లేనిది చూసి తెమ్మని చెప్పి మరీ పంపాడు! నన్ను పెరటి చెత్తలో పారేశారు. కోట కూలి దిబ్బయ్యాక ఎవరో తవ్వి, రెండు సగాలూ అతికించి, గాజు పెట్టెలో పెట్టారు. నా ముందున్న చీటీలో "ధాన్యం నిల్వకు వాడినది" అని రాసి ఉంది. చదువుకున్నవాళ్ళు రాశారు, నేనేం చెప్పను?

కానీ నన్ను పారేసే ముందు, ఆ మధ్యాహ్నం నా సగాలు రెండూ వసారాలో ఒక మూలనే ఉన్నాయి. ఆ సంగతి చెప్పి ఊరుకుంటాను.

దొర పీట మీద కూచున్నాడు. గుమ్మంలో ఆయన తల్లి. కింద చెంచన్నకి విస్తరి వేశారు. అన్నం, పప్పు, చారు వడ్డించారు. చెంచన్న చెయ్యి కలపబోయి ఆగిపోయింది. పన్నెండేళ్ళయింది కదా, అలవాటు తప్పింది. వండింది పేరిభొట్లే అని తెలుసు, ఆయన మీద అనుమానం లేదు. కానీ వంటశాలలోకి వచ్చే చేతులు ఎన్నో ఉంటాయి. భయానికి ఇవన్నీ చెబితే వింటుందా?

అప్పుడు పేరిభొట్లు లోపలి నుంచి ఒక విస్తరి తెచ్చుకున్నాడు. చెంచన్నకి ఎదురుగా నేల మీద పరుచుకుని, మఠం వేసుకుని కూచున్నాడు. వసారాలో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. మడి వంట చేసేవాడు దేవుడికి పెట్టకుండా రుచి చూడడు. వాసనని బట్టే ఉప్పూ పులుపూ కనిపెడతాడు. అందరి ముందూ, మరో కులంవాడి ఎదురుగా కూచుని తినడం అంటే ఇంక చెప్పేదేముంది!

"అయ్యవారూ, మీకెందుకు ఇది?" అన్నాడు చెంచన్న, ఏడుపు గొంతుతో.

"నోర్మూసుకుని కూచో" అని కసిరాడు పేరిభొట్లు. ముందు తనే ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ముఖం చిట్లించాడు.

"చారులో ఉప్పు తక్కువైంది కదరా. ముప్పయ్యేళ్ళలో ఒక్కడూ చెప్పలేదేం?"

చెంచన్న కళ్ళు తుడుచుకుని తన ముద్ద మింగాడు. తర్వాత ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తొట్టిలో తేలుతున్న రాగి గిన్నె వైపు చూస్తూ కూచున్నారు.